కామెర్లు కెమెరాకి కాదు, నాకే!

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని మనవాళ్ళొక సామెత చెబుతారు. ఆ సామెత విన్నప్పుడల్లా ఎవరో తెలిసినవాళ్ళని తలుచుకుని నవ్వుకునేవాణ్ణి. 2025 మార్చి తరువాత ఆ నవ్వు మానేశాను. ఎందుకంటే ఆ నెలలో కామెర్లు నాకే వచ్చాయి. నాకంటే నాక్కాదు లెండి, నా లాప్‌టాప్‌కి! కానీ దాని కళ్ళతోనే కదా నేను సినిమాలు చూసేది, చూసి రాసేది? అంచేత జబ్బు దానిదైనా పాపం నాదే.

ఆ పాపాన్ని పత్రికాముఖంగా ఒప్పుకుంటే కాస్త బరువు దిగుతుందని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. పాఠకుల్లో చాలామంది ఇవాళ నాలాగే ఒళ్ళో పెట్టుకునే తెరమీద సినిమాలు చూస్తున్నారు కనుక, నా ప్రాయశ్చిత్తం వారికీ పనికొస్తుందని ఆశ.

రెండు రీళ్ళ సినిమా

మాది ఆర్మూరు. నిజామాబాద్ జిల్లాలో పసుపుకి పెట్టింది పేరు. జనవరి నుంచి మార్చి దాకా చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్ళినా పసుపు తవ్వడం, ఉడకబెట్టడం, కళ్ళాల్లో ఆరబెట్టడం తప్ప వేరే ముచ్చట ఉండదు. రోడ్డు మీద పసుపు, గాలిలో పసుపు, ఉతికి ఆరేసిన చొక్కా మీద పసుపు. ఆ రోజుల్లో మా దగ్గర పెళ్ళికొడుకెవరో గుర్తుపట్టడం కష్టమనీ, అందరూ నలుగు పెట్టుకుని వచ్చినట్టే ఉంటారనీ మా బావ అంటూంటాడు. ఆయన పసుపు రైతు. అనే హక్కు ఉంది.

ఆ బావగారి కొడుకు, అంటే మా అక్క కొడుకు, డిగ్రీ అయ్యాక పెళ్ళిళ్ళకి వీడియోలు తీస్తూ కెమెరా పట్టడం నేర్చుకున్నాడు. పేరెందుకు లెండి, రేపు పెద్ద కెమెరామన్ అయ్యాక చెప్పుకుందాం. పసుపు తొమ్మిది నెలల పంట. జూన్‌లో విత్తనం పెట్టిన నాటి నుంచీ తమ చేలోనే సరదాకి కొన్ని షాట్లు తీసి పెట్టుకున్నాడు. ఇంతలో 2025 జనవరి 14న, సంక్రాంతి నాడు, నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైంది. రైతులు ఏళ్ళ తరబడి అడిగిన బోర్డు అది. దానికోసమే 2019 లోక్‌సభ ఎన్నికల్లో రైతులు గుంపులుగా నామినేషన్లు వేస్తే, నిజామాబాద్ స్థానంలో 185 మంది అభ్యర్థులు బరిలో నిలిచిన సంగతి దేశమంతా చెప్పుకుంది.

"బోర్డు ముచ్చట అందరు రాస్తున్నరు మామా. పసుపు ముచ్చట ఎవరు తీస్తరు?" అన్నాడు మావాడు. అన్నంత పనీ చేశాడు. ఫిబ్రవరిలో ఉడకబెట్టడం, ఆరబెట్టడం కూడా తీసి 22 నిమిషాల చిత్రంగా కూర్చాడు. పాత లెక్క ప్రకారం చూస్తే వెయ్యడుగుల రీళ్ళు రెండన్నమాట!

ఇది ఉత్త సరదా చిత్రం కాదు. హైదరాబాద్‌లో ఒక ఛాయాగ్రాహకుడి దగ్గర సహాయకుడిగా చేరడానికి వాడి దరఖాస్తు కూడా ఇదే. మార్చి నెలాఖరులోగా పంపాలి. పంపేముందు సినిమా పత్రికలకి రాసే మేనమామ ఉన్నాడు కదా, ఆయనకి చూపిద్దామనుకున్నాడు. అక్కడ పప్పులో కాలేశాడు.

ఒక సందేశం, రెండు రాత్రులు

మార్చి నడిమధ్యలో ఒక రాత్రి భోజనం చేసి, మంచం మీద పడుకుని, పొట్టమీద లాప్‌టాప్ పెట్టుకుని మావాడి చిత్రం చూశాను. అయ్యో రామ! మొహాలన్నీ కామెర్లొచ్చినట్టున్నాయి. తెల్ల చొక్కాలు గంజి కాదు, పసుపు నీళ్ళు పెట్టి ఉతికినట్టున్నాయి. మా మేడ మీద నించి చూస్తే నల్లగా నిగనిగలాడే సిద్ధులగుట్ట రాళ్ళు తెరమీద రాగి చెంబుల్లా ఉన్నాయి. రాత్రిపూట పొయ్యి దగ్గర పసుపు ఉడకబెట్టే సీను వచ్చేసరికి బొమ్మ మొత్తం చీకట్లో కలిసిపోయింది. పొగ తప్ప మనిషి లేడు.

పదేళ్ళ అనుభవం ఊరుకుంటుందా? వెంటనే ఫోన్‌లో రాసి పంపాను. "రంగు చెడింది. పసుపు బాగా తగ్గించు, నీలం కలుపు, నీడల్లో వెలుగు పెంచు. లేకపోతే ఎవరూ చూడరు" అని.

"నా దగ్గర మంచిగనే కనవడ్తున్నది మామా" అని జవాబొచ్చింది.

"నువ్వు తీసిన బొమ్మ నీకు బాగానే ఉంటుంది. కాకిపిల్ల కాకికి ముద్దు" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

పిల్లవాడు మారు మాట్లాడలేదు. రెండు రాత్రులు మేలుకుని నేను చెప్పినట్టల్లా మార్చాడు. మార్చింది మళ్ళీ పంపితే అదే తెరమీద చూసి, "ఇప్పుడు బొమ్మ!" అని మెచ్చుకున్నాను.

పదహారడుగుల తెర

తరువాతి ఆదివారం నిజామాబాద్‌లో ఒక ఫంక్షన్ హాల్లో లఘుచిత్రాల ప్రదర్శన. మావాడి చిత్రమూ ఉంది. మా బావ తన ఊరివాళ్ళు ఇరవై మందిని ఆటోల్లో తీసుకొచ్చాడు. అందరూ పసుపు రైతులే. తమ పంట, తమ చేలు పదహారడుగుల తెరమీద చూసుకోవాలని పండక్కి వచ్చినట్టు వచ్చారు.

బొమ్మ పడింది. కళ్ళంలో ఆరబోసిన పసుపు మీద కెమెరా మెల్లిగా జరుగుతోంది. కానీ అది పసుపులా లేదు. సున్నపు రాళ్ళలా, బూడిదలో పొర్లించిన చిలగడదుంపల్లా ఉంది. మనుషుల మొహాలు నీలంగా, చలికి వణుకుతున్నట్టున్నాయి. పొయ్యి సీనులో చీకటి పోయి తెల్లటి పొగమంచు వచ్చింది. నిప్పు కూడా చల్లగా ఉంది!

వెనక వరసలో ఎవరో, "గిది యేడి పసుపు?" అన్నారు. కొందరు నవ్వారు. మా బావ నవ్వలేదు. చిత్రం అయిపోయాక నా పక్కకి జరిగి గొంతు తగ్గించి, "బామ్మర్దీ, తొమ్మిది నెలలు పెంచిన పసుపయ్యా అది. గీ రంగు సరుకు యార్డుకు తీస్కపోతే ధర పెట్టేటోడు ఉంటడా?" అన్నాడు.

మావాడు మాత్రం నన్నొక్క మాట అనలేదు. బయటికొచ్చాక తన ఫోన్ నా చేతిలో పెట్టి, "ఇది పాత కాపీ మామా, మీరు చెప్పకముందుది" అన్నాడంతే. చూశాను. బంగారం! తడి మట్టి తడిమట్టిలా ఉంది. మొహాలు మొహాల్లా ఉన్నాయి. పొయ్యి దగ్గర చీకట్లో కూర్చున్న ముసలాయన కళ్ళు కూడా కనిపిస్తున్నాయి. పక్కన ఉన్న ఇద్దరి ఫోన్లలో చూశాం. అన్నిట్లోనూ అంతే.

అంటే తప్పు ఎవరిది? కెమెరాది కాదు, పిల్లవాడిది కాదు. మూడు ఫోన్లు ఒక సాక్ష్యం చెబుతుంటే నా లాప్‌టాప్ ఒక్కటే వేరే సాక్ష్యం చెప్పింది. నేను దాన్ని నమ్మి తీర్పు ఇచ్చేశాను. నెలాఖరుకి ఎన్నో రోజుల గడువు లేదు.

పెద్దబాపు పాఠం

మర్నాడు పొద్దున్నే లాప్‌టాప్ పట్టుకుని రిపేరు షాపుకి వెళ్ళాను. కుర్రాడు తెరిచి చూశాడు. "అక్షరాలు మసకగున్నయి, వెలుగు లేదు. కానీ పచ్చగ అయితే లేదన్నా" అన్నాడు. నిజమే! ఆ పగటి వెలుగులో పసుపు ఛాయే లేదు. రాత్రి కనిపించిన జబ్బు డాక్టరు దగ్గరికి రాగానే మాయమైంది. "ప్యానెల్ పోతున్నట్టున్నది, మారిస్తే ఆరు వేలు" అన్నాడు. ఆరు వేలంటే నాలాంటి ఫ్రీలాన్సు జర్నలిస్టుకి ఎన్ని వ్యాసాలో లెక్క వేసుకుని, ఆలోచించి వస్తానని చెప్పి బయటపడ్డాను.

వచ్చేదారిలో మా పెద్దబాపు ఇంటి ముందు ఆగాను. మా వైపు పెదనాన్నని పెద్దబాపు అంటారు. ఆయన వయసులో ఉండగా సినిమాహాల్లో ఆపరేటరు. కార్బన్ కడ్డీల కాలం నాటి మనిషి. రెండు కడ్డీల కొసలు దగ్గర పెట్టి కరెంటు పంపితే నడుమ నిప్పు పుట్టేది. దాని వెలుగుని వెనక అద్దం కూడగట్టి రీలు మీదికి తోసేది. కడ్డీలు కాలుతున్న కొద్దీ ముందుకి జరుపుతుండాలి. ఆపరేటరు కునుకు తీస్తే నిప్పు పక్కకి జరిగి తెరమీద వెలుగు తగ్గేది, రంగు మారేది. కింద జనం ఈలలు, కేకలు!

నా కథంతా విని ఆయన నవ్వి, ఒక్కసారిగా గంభీరమైపోయారు.

"బొమ్మ మంచిగ పడకుంటే జనం హీరోను తిడ్తరు, డైరెక్టర్ను తిడ్తరు. ఆపరేటరు మాత్రం ప్రింటును ఆఖర్న తిట్టాలె. ముందుగాల అద్దం తుడువు. దీపం చూడు. లెన్సు చూడు. దీపానికి తెరకు నడుమ ఏదన్న అడ్డం వచ్చిందా చూడు. కిందికి దిగి నాలుగు దిక్కుల కుర్చీలల్ల కూసోని చూడు. ఇవన్ని అయినంక ప్రింటు మీద అనుమానపడు. నువ్వు ముందే ప్రింటును తిట్టినవు. మా కాలంల అయితే నిన్ను కాబిన్ల అడుగు పెట్టనీయకపోదురు!"

ఆ మాటతో నాకు కళ్ళు తెరుచుకున్నాయి. వెనకటికి సినిమా చూడటానికి హాలు వేరు, ఆపరేటరు వేరు, ప్రేక్షకుడు వేరు. ఇప్పుడు లాప్‌టాప్ ముందు కూర్చున్నవాడు మూడూ తనే. ప్రేక్షకుడిగా ఈల వేసే ముందు ఆపరేటరుగా నా పని నేను చేశానా?

నా కాబిన్‌లో ఒక రాత్రి

ఆ రాత్రి పెద్దబాపు చెప్పిన వరసలోనే మొదలుపెట్టాను. మావాడు కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు.

మొదట అద్దం. లాప్‌టాప్ ఆపేసి, కళ్ళజోడు తుడిచే మెత్తటి గుడ్డ కొద్దిగా తడిపి తెర తుడిచాను. గుడ్డ పచ్చబడింది! సీజనంతా కిటికీ పక్కన పెట్టి పనిచేశాను మరి. నీళ్ళు గుడ్డ మీద చల్లుకోవాలే కానీ తెర మీద చల్లకూడదు. కిటికీ అద్దాలు తుడిచే మందులు అసలే వద్దు, తెరమీది పూత పాడవుతుంది. తుడవగానే నలుపులో కాస్త నలుపు వచ్చింది. కానీ మొహాల పచ్చదనం పోలేదు.

రెండోది దీపం. లాప్‌టాప్‌కీ దీపం ఉందా అంటే, ఉంది. మామూలు ఎల్‌సిడి తెరకి సొంత వెలుగు లేదు. వెనక ఎల్‌ఈడి దీపాలుంటాయి. ముందున్న ద్రవస్ఫటికాల పొర ఆ వెలుగుని చుక్కచుక్కకీ ఎంత వదలాలో అంత వదులుతుంది. ఈ ద్రవస్ఫటికాల కథ కూడా దుంపతోనే మొదలైంది సుమండీ! 1888లో రైనిట్జర్ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు క్యారెట్ల నుంచి తీసిన కొలెస్టరాల్‌తో చేసిన పదార్థాన్ని వేడి చేస్తుంటే, అది 145.5 డిగ్రీల దగ్గర కరిగి మడ్డిగా, 178.5 డిగ్రీల దగ్గర తేటగా మారింది. ఆ మడ్డి దశే ఇవాళ మన తెర. ఇక వెనకుండే తెల్లటి ఎల్‌ఈడి అసలు తెల్లది కాదు. లోపల పుట్టేది నీలం వెలుగు. దాని మీద పచ్చటి పొడి పూత వేస్తే, ఆ నీలమూ ఈ పసుపూ కలిసి మన కంటికి తెలుపవుతాయి. ఆ నీలం ఎల్‌ఈడిని కనిపెట్టినందుకే 2014లో ముగ్గురికి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. చూశారా, ఆర్మూరులోనే కాదు, ప్రపంచంలో ఎక్కడ లాప్‌టాప్ తెరిచినా వెనక కాస్త పసుపు ఉండనే ఉంది!

నా దీపం సంగతి చూస్తే వెలుగు నలభై దగ్గర ఉంది. కరెంటు పోతే ఎక్కువసేపు వస్తుందని బ్యాటరీ పొదుపు పెట్టి మర్చిపోయాను. దానికి తోడు డిస్‌ప్లే సెట్టింగుల్లో, బొమ్మని బట్టి వెలుగు మార్చే ఏర్పాటు ఒకటి పనిచేస్తోంది. తెరమీద చీకటి సీను వస్తే దీపాన్ని అదే తగ్గిస్తుంది. ఉత్తరాలు రాసుకునేవాడికి అది మంచిదే. సినిమా చూసేవాడికి మాత్రం గోతిలో దింపి నిచ్చెన తీసేసినట్టు! రెండూ ఆపి వెలుగు పెంచాను. పొయ్యి దగ్గరి ముసలాయన చీకట్లోంచి బయటికొచ్చాడు. మావాడు మాట్లాడలేదు కానీ గట్టిగా ఊపిరి వదిలాడు.

మూడోది లెన్సు, అంటే ఫోకసు. నా తెరకి అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. మొత్తం 20,73,600. అవి కదలవు, మారవు. అక్షరాలు పెద్దగా కనిపిస్తాయని నేనెప్పుడో దాన్ని 1366, 768కి మార్చి పెట్టుకున్నాను. అప్పుడు ఒక చుక్కలో కూర్చోవలసిన బొమ్మని సుమారు ఒకటీ పాయింటు నాలుగు చుక్కల్లో సర్దాలి. ముక్కాలి పీట మీద ఇద్దరు కూర్చున్నట్టు ఇరుకవుతుంది, బొమ్మ మసకబారుతుంది. రిజల్యూషన్ ఎప్పుడూ తెరకి పుట్టుకతో వచ్చిందే ఉంచి, అక్షరాలు పెద్దవి కావాలంటే దాని పక్కనే ఉండే స్కేల్ పెంచుకోవాలి. మార్చగానే షాపు కుర్రాడు చెప్పిన మసక పోయింది.

కానీ పచ్చదనం? అది కదలలేదు. నాలుగో మాటకి వచ్చాం. దీపానికీ తెరకీ నడుమ అడ్డం.

"మామా, స్క్రీన్‌షాట్ తీయండి" అన్నాడు మావాడు. స్క్రీన్‌షాట్ అంటే, బొమ్మ తెరమీదికి వెళ్ళేముందే కంప్యూటరు లోపల తీసుకునే నకలు. తీసి వాడి ఫోన్‌కి పంపాను. లాప్‌టాప్ మీద పచ్చగా ఉన్న అదే బొమ్మ ఫోన్‌లో తేటగా ఉంది! అంటే బొమ్మ తయారైనప్పుడు బాగానే ఉంది. తెర దాకా వచ్చే దారిలో ఎవరో పసుపు పూస్తున్నారు.

అప్పుడు గుమ్మంలోంచి మా మేనకోడలు తొంగిచూసింది. ఇంటర్ పరీక్షలని మా ఇంట్లోనే ఉండి చదువుకుంటోంది. "అది నేనే పెట్టిన మామా, నైట్ లైట్. రాత్రి చదివితే కండ్లు గుంజుతున్నయని. పొద్దు గూకంగనే దానంతట అదే వస్తది, తెల్లారంగనే పోతది" అంది.

విన్నారా? ఇదీ అసలు కథ! విండోస్‌లో 2017 నుంచీ ఉన్న ఏర్పాటే అది. రాత్రిపూట తెరలో నీలం తగ్గించి పసుపు ఛాయ పెంచుతుంది. మెల్లిగా వస్తుంది కాబట్టి కంటికి తెలియదు. కాసేపటికి ఆ పసుపే తెలుపని కన్ను సరిపెట్టుకుంటుంది. నేను సినిమాలు చూసేది రాత్రులు, షాపు కుర్రాడు చూసింది పగలు. ఇద్దరం నిజమే చెప్పాం. ఆ ఏర్పాటు ఆపేసరికి నా తెరకి కామెర్లు దిగిపోయాయి. ఖర్చు సున్నా.

అయిదోది కుర్చీ. పడుకుని, తెరని పొట్టమీద పెట్టుకుని చూడటం నా అలవాటు. తక్కువ ధర లాప్‌టాప్‌ల్లో టీఎన్ అనే రకం తెర ఉంటుంది. దాన్ని కింద నించి చూస్తే నీడలు నల్లబడతాయి, పై నించి చూస్తే వెలిసిపోతాయి. మూత కాస్త వంచితే ముసలాయన కనిపిస్తాడు, ఎత్తితే మాయమవుతాడు! ఐపీఎస్ రకం తెరల్లో ఈ బాధ చాలా తక్కువ. నాది మొదటి రకం. బల్లమీద పెట్టి, కళ్ళకి ఎదురుగా నిలిపి చూడటమే మందు. పైగా ఈ రకం తెరలు అన్ని రంగులూ చూపించలేవు. ముదురు పసుపు, ముదురు ఎరుపు కాస్త వెలవెలబోతాయి. ఇది సెట్టింగులతో పోయే జబ్బు కాదు, పుట్టుమచ్చ.

ఆఖరికి ప్రింటు. దానిమీద కూడా ఒక అనుమానం మిగిలింది, అదీ నా వల్లే. ఆ రాత్రి చూసింది నెట్‌లో నేరుగా. నాణ్యత 'ఆటో' మీద ఉంది. మా ఇంటి నెట్ నీరసించినప్పుడు అది 480కి దిగిపోతుంది. అదే ఫైలు దించుకుని చూస్తే ఆ మసక కూడా లేదు.

మీ జబ్బు నా జబ్బు కాకపోవచ్చు. మూత కదిపినప్పుడు మాత్రమే బొమ్మ వణుకుతుంటే లోపలి కేబులు మీద అనుమానపడాలి. హెచ్‌డీఎంఐ తీగతో ఇంట్లో టీవీకి కలిపి చూడండి. టీవీలో బాగుంటే లాప్‌టాప్ తెరదో దాని కేబులుదో తప్పు. అక్కడా చెడితే గ్రాఫిక్స్ సంగతి చూడాలి. లాప్‌టాప్ ఆన్ చేయగానే, విండోస్ రాకముందే గీతలు కనిపిస్తే సెట్టింగులతో పనిలేదు, అప్పుడు షాపుకి వెళ్ళండి. ముందు వెళితే మాత్రం నాకు చెప్పినట్టే ఆరు వేలంటారు.

కొమ్ము విరిచి చూడు

అంతా అయ్యేసరికి తెల్లవారింది. మా బావ పాలు తీసుకుని వచ్చాడు. బాగుచేసిన తెరమీద పాత కాపీ చూపించి, "ఇప్పుడెట్లున్నది బావా?" అన్నాను. ఆయన జవాబు చెప్పకుండా జేబులోంచి ఎండిన పసుపు కొమ్ము తీసి, ఫట్‌మని విరిచి, కిటికీ వెలుగులో తెర పక్కన పెట్టాడు.

"పైన చూస్తే ఏం తెలుస్తది? మట్టి, పొట్టు, ఎండ అన్నీ కలిసి మోసం చేస్తయి. యార్డుల సరుకు చూసేటోడు విరిచి లోపల చూస్తడు. దీన్ని చూసి దాన్ని దిద్దుకో" అన్నాడు.

సినిమావాళ్ళు సరిగ్గా చేసేది అదే! షూటింగులో రంగుల అట్టనీ, బూడిదరంగు అట్టనీ కెమెరా ముందు పెట్టి తీసుకుంటారు. తరువాత దాన్ని చూసి రంగు దిద్దుతారు. దిద్దే తెరని కూడా ముందు ఒక పరికరం తగిలించి కొలుస్తారు. లోకంలో ఉన్న ఒక వస్తువుకి తెరని ముడిపెట్టకుండా, ఉత్త కంటితో రంగు ఇదీ అని చెప్పడానికి వాళ్ళు సాహసించరు. పదేళ్ళు రాసిన నేను చేసిన సాహసాన్ని, బడిలో అయిదో తరగతితో ఆపేసిన మా బావ చేయలేదు.

తెరమీది పసుపు, చేతిలోని పసుపు పూర్తిగా ఒకటి కాలేదు. పుట్టుమచ్చ అని చెప్పాను కదా. కానీ అన్నదమ్ముల్లా ఉన్నాయి. మా బావ రెంటినీ మార్చిమార్చి చూసి, "ఇగ ఇది మన పసుపు" అన్నాడు. కొడుకు వైపు చూడలేదు. వాడు మాత్రం తండ్రి వైపే చూస్తున్నాడు.

ఒక క్షమాపణ

మావాడు పాత కాపీనే, ఒక్క రంగు కూడా మార్చకుండా, గడువుకి రెండు రోజుల ముందు పంపాడు. ఆ పని దొరికింది. సహాయకుడికి సహాయకుడిగా, లైట్లు మోస్తూ. ఆ పని దొరకడంలో నా ఘనత ఏమీ లేదు. దొరక్కపోతే మాత్రం ఆ పాపం పూర్తిగా నాదే అయ్యేది.

కానీ నా లెక్క అక్కడితో తీరలేదు. మా మేనకోడలు ఆ నైట్ లైట్ పెట్టింది దసరా సెలవుల తరువాత. అప్పటి నుంచి నేను చూసి రాసిన సినిమాలు తీసి చూసుకున్నాను. ఏడు వ్యాసాల్లో ఛాయాగ్రహణాన్ని తప్పుపట్టాను. 'పసుపు ఎక్కువైంది', 'రాత్రి సీన్లలో ఏమీ కనపడదు' వగైరా. ఆ ఏడూ బల్లమీద పెట్టి, ఎదురుగా కూర్చుని మళ్ళీ చూశాను. మూడింట్లో నా మాట నిలబడింది. నాలుగింట్లో తప్పు నాదే. ఆ నలుగురు కెమెరామన్‌లకీ ఇదే నా క్షమాపణ. ఒక అసిస్టెంటు రాత్రంతా లైటు పట్టుకుని నిలబడి తెచ్చిన నీడని, నేను బ్యాటరీ పొదుపు పెట్టుకుని 'చీకటి' అని కొట్టిపారేశాను.

సిగ్గుపడాల్సిన మాట ఇంకొకటుంది. ఆ చలికాలంలోనే 1957 నాటి నలుపు-తెలుపు 'మాయాబజార్' మళ్ళీ చూశాను. మార్కస్ బార్ట్లే పట్టిన ఆ పడవపాట వెన్నెల కూడా నాకు పసుపు నీళ్ళలా కనిపించింది. నలుపు-తెలుపు చిత్రంలో పసుపు ఎక్కడిది? అప్పుడైనా బుద్ధి రావలసింది. 'పాత ప్రింటు కదా, పసుపెక్కి ఉంటుంది' అని సరిపెట్టుకున్నాను! అందుకే చెబుతున్నాను, మీ తెరమీద అనుమానం వస్తే పరీక్షకి ఖర్చు లేని మందు ఇదే. ఒక నలుపు-తెలుపు సినిమా పెట్టండి. అందులో ఏ రంగు కనిపించినా అది సినిమాది కాదు, మీ తెరది.

ఈమధ్య మావాడు హైదరాబాద్ నుంచి అప్పుడప్పుడు తను పనిచేసిన షాట్ల ఫోటోలు పంపుతున్నాడు. ఎలా ఉందో చెప్పమంటాడు. పిల్లవాడికి ఇంకా నా మాట మీద గౌరవం ఉన్నందుకు సంతోషమే. కాకపోతే ప్రతి ఫోటో కింద ఒక్క వాక్యం తప్పకుండా ఉంటుంది.

"మామా, ముందుగాల అద్దం తుడిచి చూడు."